దీపం పోయిందని పెట్టెనే పారేస్తామా?

ఈసారి మా మాట కొంచెం కరుకుగా ఉంటుంది. చుట్టాల్లో కొందరికి కోపం వచ్చినా సరే, చెప్పక తప్పడం లేదు.

కారు స్టీరియో లోపల వెలిగే చిన్న బల్బు మాడిపోతే స్టీరియో చచ్చిపోయినట్టు కాదు. రేడియో పలుకుతుంది. క్యాసెట్టు తిరుగుతుంది. చీకటి పడ్డాక స్టేషను అంకె కనబడదు, మీటల మీద రాత కనబడదు. పోయింది అంతే. ఆ ఒక్క లోపానికి మొత్తం పెట్టెను ఊడబెరికి పాత సామాన్ల వాడికి తూకానికి వేసేసి, దాని చోట టచ్ స్క్రీన్ బిగించుకోవడం మన ఇళ్ళలో మామూలైపోయింది. ఇది తప్పు అంటున్నాం మేము. మాడిన బల్బు తీసి ఆ చోట ఒక ఎల్‌ఈడీ, దానికి తగిన రెసిస్టరు పెడితే సరిపోతుంది. సామాను ఖర్చు రెండు టీల కంటే ఎక్కువ కాదు. ఒక ఆదివారం పొద్దుటి పని.

అట్లని కంటికి దొరికిన ఎల్‌ఈడీ తెచ్చి కుక్కేసి, డాష్‌బోర్డును పెళ్ళి పందిరి చేసేవాళ్ళనీ మెచ్చుకోము. పారేయడం ఒక తప్పు, నీలి మంట పెట్టడం ఇంకో తప్పు. రెండింటి మీదా మాకు తగవు ఉంది.

మా బండి సంగతి

మా ఇంట్లో ఉన్నది 1994 నాటి అంబాసడర్. కోయంబత్తూరు పక్కన పత్తి పండించి, తరవాత పంపుసెట్ల పని పెట్టుకున్న ఇల్లు మాది. విజయనగరం రాయల కాలంలో ఇటు వచ్చామని ఇంట్లో చెప్పుకునే మాట. ఆ బండి తాత కొన్నారు, నాయన తోలారు, ఇప్పుడు మేము తోలుతున్నాం. అందులో క్యాసెట్టు స్టీరియో బండితో వచ్చింది కాదు, కొన్న ఏడాదే టౌనులో వేయించినది. మీటల మీద ఆకుపచ్చ వెలుగు, ఎల్‌సీడీ గాజు మీద నల్లటి అంకెలు.

ఆ వెలుగు పోయినప్పుడు మూడు అంగళ్ళు తిరిగాం. మూడు చోట్లా ఒకటే మాట, తమిళంలో: "బల్బు రాదు సార్, సెట్టు మార్చేయండి." ఒకాయన పెట్టె మూత కూడా విప్పలేదు. బయటి నుంచి చూసి ధర చెప్పాడు, కొత్తదాని ధర. అంగడివాడిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. బల్బు మార్చితే అతనికి మిగిలేది తక్కువ, కొత్త సెట్టు అమ్మితే మిగిలేది ఎక్కువ. మా కోపం అతని మాటకు వెంటనే తల ఊపేసే మన మీద. "సరే, అట్లనే చేయండి" అనడానికి మనకు అర నిమిషం పట్టడం లేదు.

బల్బు రాదన్న మాట నిజమే కావచ్చు. అదే కొలత బల్బు అంగట్లో లేకపోవచ్చు. కానీ అక్కడ కావలసింది వెలుగు. ఆ వెలుగు ఇవ్వడానికి ఇప్పుడు ఎల్‌ఈడీ ఉంది, ప్రతి ఎలక్ట్రానిక్స్ అంగట్లోనూ డబ్బాల కొద్దీ ఉంది.

చీకట్లోనే తెలుగు వచ్చేది

"అంత పాత పెట్టె మీద ఇంత పట్టుదల ఎందుకు?" అని మా పిన్ని కొడుకే అడిగాడు. ఈ ప్రశ్నకు ఆంధ్రాలో ఉన్నవాళ్ళు ఒక జవాబు చెప్తారేమో. మన జవాబు వేరే.

మనకు తెలుగు బళ్ళో దొరకలేదు. మా ఊళ్ళో బడి తమిళం, అంగడి తమిళం, బస్సు బోర్డు తమిళం. తెలుగు ఇంట్లో మాట మాత్రమే. ఇంటి బయటి తెలుగు, అంటే వార్తల తెలుగు, పాటల తెలుగు, నాటకాల తెలుగు, మనకు చేరింది రేడియోలో, క్యాసెట్టులో. పగలు రేడియో పెడితే మీడియం వేవ్‌లో కోయంబత్తూరు 999 పలికేది. పొద్దుగూకాక విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. అప్పుడప్పుడు హైదరాబాదు 738 కూడా.

ఎందుకు రాత్రే వచ్చేదో పిల్లలకు చెప్పాలి. మీడియం వేవ్ తరంగం పగలు నేలను అంటుకుని కొంత దూరమే పోతుంది. పైకి పోయినదాన్ని ఆకాశంలో ఎత్తున ఉండే ఒక పొర మింగేస్తుంది. ఎండ పోయాక ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైనున్న పొరకు తగిలి తిరిగి నేలకు దిగుతుంది, వందల కిలోమీటర్ల అవతల. విజయవాడ మాకు నేరుగా 700 కిలోమీటర్ల పైమాట. పగలు రానిది రాత్రి వచ్చేది అందుకే.

ఇప్పుడు మీరే చెప్పండి. మీడియం వేవ్‌లో స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్‌కి ఒకటి. 837 పక్కనే 846 ఉంటుంది, ఇటు 828 ఉంటుంది. మూడింట్లోనూ గరగర. ఒకటి లేస్తుంది, ఒకటి పడిపోతుంది. వెనక దీపం లేని స్టీరియోలో, రాత్రి పూట, పోతున్న బండిలో, 837 ఎక్కడుందో ఎట్లా వెతుకుతారు? మనకు తెలుగు చీకట్లో వచ్చేది. అందుకే ఆ చిన్న దీపం మనకు షోకు కాదు. సత్యమంగలం దాటి దింబం కనుమ ఎక్కి మైసూరు వైపు చుట్టాల ఇంటికి రాత్రి పోయే రోజుల్లో, ఆ కనుమలో 27 హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ తోలేవాడు మీట కోసం చేత్తో తడుముకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వెలిగే మీట ఒక్క చూపుకు అందుతుంది.

క్యాసెట్ల కథ ఇంకోటి. తాతకు తెలుగు మాట నిండా ఉంది, తెలుగు లిపి లేదు. మనలో చాలా ఇళ్ళలో ఇంతే. ఆయన ఘంటసాల క్యాసెట్ల మీద పేర్లు తమిళ అక్షరాల్లో రాసుకున్నారు. తమిళంలో క, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం కాబట్టి, చదివితే "కండసాలా" అనే వస్తుంది. అయినా పెట్టెలో వేస్తే వినబడేది ఘంటసాలే. ఆ క్యాసెట్లు వేయడానికి ఇంట్లో ఇప్పుడు మిగిలిన యంత్రం బండిలో ఉన్న ఈ ఒక్కటే. దీన్ని తూకానికి వేస్తే ఆ డబ్బాడు క్యాసెట్లకు నోరు పోతుంది. క్యాసెట్లు ఉంచుకుని స్టీరియో పారేసిన ఇళ్ళు మాకు తెలిసి చాలా ఉన్నాయి. అవి ఇప్పుడు అటక మీద ఉన్నాయి, వినేవాళ్ళు లేరు.

"అవన్నీ ఫోన్లో దొరుకుతాయి కదా" అంటారు. సినిమా పాటలు దొరుకుతాయి. తాత గొంతుతో అవ్వ పాడించిన పెళ్ళి పాట దొరకదు. అది ఆ క్యాసెట్టులోనే ఉంది. ముందు అది మోగాలి, మోగితే కదా ఫోన్లోకి ఎక్కించేది.

బల్బు ఎందుకు పోతుంది, ఎల్‌ఈడీ ఎట్లా పెట్టాలి

తగవు ఆడేవాడు పని తెలిసి ఆడాలి. అందుకని పని కూడా చెప్తున్నాం.

ఆ బల్బు గోధుమ గింజంత ఉంటుంది. లోపల టంగ్‌స్టన్ తీగ. కాలేకొద్దీ తీగ కొంచెం కొంచెంగా ఆవిరై సన్నబడుతుంది, ఒకరోజు తెగుతుంది. కారు బ్యాటరీని 12 వోల్టులు అంటాం గానీ ఇంజను తిరుగుతుంటే ఆల్టర్నేటరు 14.4 దాకా ఇస్తుంది. తీగ బల్బుకు ఆ ఎక్కువే శత్రువు. వోల్టేజి 5 శాతం తగ్గిస్తే బల్బు ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది, పెంచితే అదే లెక్కన పడిపోతుంది. బల్బు మీద ఆకుపచ్చ రబ్బరు టోపీ ఒకటి ఉంటుంది. మీరు చూసిన ఆకుపచ్చ ఆ టోపీది, బల్బుది కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, రంగు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. స్టీరియో బయటికి తీసి, ముందు మూత క్లిప్పులు మెల్లగా వదులు చేయండి. పాత ప్లాస్టిక్కు పెళుసుగా ఉంటుంది, బలం చూపించొద్దు. ఆ తరవాత బ్యాటరీ తగిలించి, బల్బు రెండు కాళ్ళ దగ్గర మల్టీమీటరు పెట్టి రెండు సంగతులు చూసుకోండి: ఎన్ని వోల్టులు వస్తోంది, ఏ కాలు ప్లస్. కొన్ని సెట్లలో బల్బుకు నేరుగా బండి కరెంటు వస్తుంది. కొన్నిటిలో లోపలే తగ్గించి ఇస్తారు. కొలవకుండా లెక్క వేయొద్దు. తీగ బల్బుకు ప్లస్ మైనస్ లేదు, ఎటు పెట్టినా వెలుగుతుంది. ఎల్‌ఈడీ అట్లా కాదు, పొడుగు కాలు ప్లస్‌కు పోవాలి. తిప్పి పెడితే వెలగదు, అట్లానే వదిలేస్తే పాడవుతుంది కూడా.

ఇక రెసిస్టరు. తెల్ల ఎల్‌ఈడీకి కావలసింది సుమారు 3 వోల్టులు. బండి ఇచ్చేది 14.4. మిగిలిన 11.4 వోల్టులను రెసిస్టరు భరించాలి. 1.2 కిలో ఓము పెడితే కరెంటు 9.5 మిల్లీ ఆంపియర్లు. 2.2 కిలో ఓము పెడితే 5.2. ఇప్పటి ఎల్‌ఈడీకి ఆ 5 కూడా చాలా చోట్ల ఎక్కువే. పావు వాటు రెసిస్టరు చాలు, దాని మీద పడే వేడి అందులో సగం కూడా కాదు. రెసిస్టరు లేకుండా తగిలిస్తే ఎల్‌ఈడీ కన్నుమూసి తెరిచేలోపు మాడిపోతుంది. "ఎల్‌ఈడీలు నిలవవు" అని చెప్పేవాళ్ళలో చాలామంది కథ ఇదే అయి ఉంటుందని మా అనుమానం.

సెట్టులో మూడు బల్బులు ఉంటే మూడు ఎల్‌ఈడీలను దండలా ఒకే వరసలో కట్టి ఒకే రెసిస్టరు పెడదాం అనిపిస్తుంది. వద్దు. మూడిటికీ కలిపి 9 వోల్టులు పోతే రెసిస్టరుకు మిగిలేది 5.4. ఇంజను ఆపగానే బ్యాటరీ 12.4కి దిగితే రెసిస్టరుకు 3.4 మాత్రమే, అంటే కరెంటు మూడో వంతుకు పైగా పడిపోతుంది. వెలుగు తేడా కంటికి తెలుస్తుంది. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టరు పెడితే ఆ తేడా అందులో సగమే. రూపాయికి పిసినారితనం చేయొద్దు.

ఇంకో సంగతి. తీగ బల్బు వెలుగు నాలుగు వైపులా పోతుంది. ఎల్‌ఈడీది టార్చిలా ముందుకే పోతుంది. అట్లానే పెడితే ఒక మీట మండుతుంది, పక్క మీట చీకటి. ఎల్‌ఈడీ తలను గరుకు కాగితం మీద రుద్ది మసక చేయండి, లేదా తల చదునుగా అరగదీయండి. వెలుగు పరుచుకుంటుంది.

నీలి మంట వద్దు

ఇప్పుడు రెండో తగవు. మన కుర్రవాళ్ళు ఈ పని చేస్తే మొదట కొనేది నీలి ఎల్‌ఈడీ, లేదంటే కంట్లో గుచ్చే చల్లని తెలుపు. "మాస్‌గా ఉంటుంది" అంటారు.

రాత్రి చూపుకు పనికొచ్చే కంటి కణాలు ఎరుపుకు పెద్దగా చలించవు. నీలం, నీలి ఆకుపచ్చలకే ఎక్కువ చలిస్తాయి. అందుకని డాష్‌బోర్డులో నీలి మంట పెట్టుకుంటే, చీకటికి అలవాటు పడిన కన్ను ఆ అలవాటు పోగొట్టుకుంటుంది. రోడ్డు మీద అడ్డం వచ్చే మేకను ఆలస్యంగా చూస్తుంది. శుక్లాలు మొదలైన పెద్దవాళ్ళకు ఆ వెలుగు చెదిరి ఇంకా కష్టం. తోలేది నాయన అయితే, షోకు కొడుకుది అయితే, ఆ బండిలో కూర్చోవడానికి మాకు భయమే.

రంగు తెలివి కూడా లేదు అందులో. తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల నీలి ఎల్‌ఈడీ, దాని మీద పసుపు పూత. చల్లని తెలుపులో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. పాత స్టీరియోలో నారింజ రాతల వెనక దాన్ని పెడితే ఆ రాతలు పాలిపోతాయి. ఆకుపచ్చ టోపీ కింద పెడితే ఆకుపచ్చ కాస్తా నీలి పచ్చగా మారుతుంది. వార్మ్ వైట్ అని అడగండి, 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్నది. అది పాత తీగ బల్బు పసుపు వెలుగుకు దగ్గర. పాత టోపీ బాగుంటే దాన్నే ఎల్‌ఈడీకి తొడగండి. ఎల్‌ఈడీ సన్నగా ఉండి టోపీ వదులైతే కొంచెం పారదర్శకమైన జిగురు చాలు. టోపీ వేడికి ఎండి చిట్లిపోయి ఉంటే పసుపు పచ్చ ఎల్‌ఈడీ పెట్టుకోవచ్చు, దానికి 2 వోల్టుల చిల్లర చాలు, కాబట్టి రెసిస్టరు లెక్క మళ్ళీ వేసుకోవాలి.

వెలుగు ఎంత ఉండాలంటే, రాత్రి రోడ్డు చూస్తున్నప్పుడు స్టీరియో ఉన్నట్టు గుర్తు రాకూడదు, దాని వైపు చూస్తే అంకె చదవగలగాలి. అంత చాలు.

రేడియో వినేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. వోల్టేజి తగ్గించే చవక సర్క్యూట్లు అమ్ముతారు, వేగంగా ఆన్ ఆఫ్ అవుతూ పనిచేసేవి. వాటి నుంచి పుట్టే రొద మీడియం వేవ్ మీద పడుతుంది. దూరపు స్టేషను అసలే సన్నగా వస్తుంది, ఈ రొదలో మునిగిపోతుంది. ఉత్త రెసిస్టరు ఏ రొదా చేయదు. తెలుగు వినడానికి దీపం పెట్టి, ఆ దీపంతోనే తెలుగును ముంచేసుకుంటే ఏం లాభం?

"అసలు బల్బే వేయాలి" అనేవాళ్ళకు

మా చిన్నాయన అటు చివర నిలబడ్డారు. పాత వస్తువులో కొత్తది పెట్టకూడదు, దొరికేదాకా ఆగి అదే బల్బు వేయాలి అన్నారు. ఆయన మాటలో గౌరవం ఉంది, ఆ గౌరవం మాకూ ఉంది. కానీ ఒప్పుకోము.

ఆ సెట్టు చేసినవాళ్ళు తీగ బల్బు మీద ప్రేమతో దాన్ని పెట్టలేదు. వాళ్ళకు వేరే దారి లేదు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు అప్పటికే ఉన్నాయి, గుర్తు దీపాలుగా వాడారు కూడా. తెల్ల ఎల్‌ఈడీ అంగడికి వచ్చింది 1996లో. మా స్టీరియో దానికంటే పాతది. నీలి ఎల్‌ఈడీ సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా ముగ్గురికీ 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ సెట్టు చేసినవాళ్ళకు అది దొరికి ఉంటే అదే పెట్టేవాళ్ళు.

పైగా బల్బు వేడి ఊరకే పోదు. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్కును గోధుమ రంగుకు తిప్పుతుంది, టోపీని ఎండబెడుతుంది. ఎల్‌ఈడీ, రెసిస్టరు కలిపి తినే కరెంటు ఆ బల్బు తినేదాంట్లో అయిదో వంతో ఆరో వంతో, వేడి కూడా ఆ లెక్కనే. అన్నిటికంటే పెద్ద మాట: మళ్ళీ అదే బల్బు వేస్తే కొన్నేళ్ళకు మళ్ళీ డాష్‌బోర్డు విప్పాలి. ముప్పై ఏళ్ళ ప్లాస్టిక్కు క్లిప్పులు ఎన్నిసార్లు విప్పుతారు? విప్పిన ప్రతిసారీ ఒక క్లిప్పు తక్కువ. వస్తువు మీద గౌరవం ఉంటే దాని ఒళ్ళు తక్కువసార్లు విప్పాలి.

పాత బల్బునూ టోపీనీ పారేయొద్దు. బోర్డు మీద ఏ తీగనూ కోయొద్దు, ఏ దారినీ గీకొద్దు. టంకం తీసి బల్బు కాళ్ళు ఉన్న రంధ్రాల్లోనే ఎల్‌ఈడీ పెట్టండి. రేపు ఎవరికైనా అసలు బల్బు దొరికితే పావుగంటలో వెనక్కి మార్చుకోవచ్చు. ఇంత జాగ్రత్త పడితే చిన్నాయనకు పోయేదేమీ లేదు.

మన ఊరు మరిచిపోయిన విద్య

ఇది మా ఒక్క ఇంటి గోల అనుకోవద్దు. కోయంబత్తూరు ఎట్లాంటి ఊరో తలుచుకోండి. మన మాట మాట్లాడే ఇంట్లో 1893లో కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు బళ్ళో ఎక్కువ చదవలేదు. హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి ఒక మోటారు సైకిలు కొన్నాడు. కొన్నది తిరగడానికి మాత్రమే కాదు, విప్పి చూడడానికి. విప్పాడు, మళ్ళీ బిగించాడు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక బస్సుతో మొదలుపెట్టాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు తీసుకొచ్చాడు. మా ఇంటి పంపుసెట్ల బతుకు ఆ దారిలో వచ్చినదే.

ఆ ఊళ్ళోనే ఇప్పుడు మూత విప్పకుండా "సెట్టు మార్చేయండి" అంటున్నారు, మనం తల ఊపుతున్నాం. మన తాతల చేతుల్లో స్క్రూడ్రైవరు ఉండేది. కాలిన మోటారు వస్తే కొత్తది కొనుక్కో అనేవారు కాదు, తీగ మళ్ళీ చుట్టేవారు. ఆ రీవైండింగు పని మీద ఎన్ని తెలుగు ఇళ్ళు బతికాయో మనకు తెలుసు. మోటారు చుట్టిన చేతులకు రెండు కాళ్ళ ఎల్‌ఈడీ పెట్టడం కష్టమా?

ఇంత చిన్న మరమ్మతు మీద ఇంత గట్టిగా ఎందుకు అరుస్తున్నామంటే, ఇది అలవాటు సంగతి. వెలుగు పోయిన చోట వస్తువే పోయిందనుకునే అలవాటు. పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక ఇంట్లో తెలుగు ఎందుకు, అనేవాళ్ళు కూడా ఈ వరసలోనే వస్తారు. లోపల పలుకుతూనే ఉంది. కనబడడం లేదు, అంతే. అది బాగుచేసుకునే లోపమా, పారేసుకునే లోపమా అని మూత విప్పి చూడాలి కదా ముందు.

కొత్త సెట్టు ఎవరూ కొనకూడదని మేము అనడం లేదు. దారి చూపే మ్యాపు కావాలి, వెనక కెమెరా కావాలి అంటే న్యాయమే. కొత్త బండిలో పెట్టుకోండి. పాత బండిలోనే కావాలంటే వేరే చోట బిగించుకోండి. పాత స్టీరియో నిజంగానే చెడిపోతే, బోర్డు కాలిపోతేనో, క్యాసెట్టు యంత్రం విరిగితేనో, అప్పుడు సాగనంపండి. అప్పుడు కూడా ఇనుము తూకానికి వేయొద్దు. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. ఈ-వ్యర్థాల మీద 2022 నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఆ పద్ధతిలో తీసుకునేవాళ్ళకే ఇవ్వండి. రబ్బరు బెల్టు సాగిపోవడం చెడిపోవడం కాదు, అదీ మార్చుకునేదే.

హోసూరులో, మదురైలో, షోలాపూరులో, బరంపురంలో, యానాంలో ఉన్న మనవాళ్ళకు చెప్పేది ఇదే. మీ ఇంటి పాత బండిలో, పాత టేపులో, పాత రేడియోలో దీపం పోయి ఉంటే ఈ వారం ఒకసారి పగటి పూట ఆన్ చేసి చూడండి. పలికితే అది బతికే ఉంది. వార్మ్ వైట్ ఎల్‌ఈడీ ఒకటి, 2.2 కిలో ఓము రెసిస్టరు ఒకటి తెచ్చుకోండి. టంకం పెట్టడం రాకపోతే మోటారు పని చేసే మామనో బాబాయినో పిలవండి, పక్కన పిల్లలను కూర్చోబెట్టుకోండి. పని అయ్యాక ఒక కాగితం మీద తేదీ, ఏ రెసిస్టరు వేశారు, ప్లస్ ఎటు ఉంది, ఎవరు చేశారు అని రాసి, పాత బల్బుతో కలిపి చిన్న కవరులో పెట్టి డాష్‌బోర్డు లోపల అంటించండి. తెలుగు లిపి వస్తే తెలుగులో రాయండి. రాకపోతే తమిళ అక్షరాల్లో, కన్నడ అక్షరాల్లో, ఒడియా అక్షరాల్లో రాయండి. రాసే మాట తెలుగు మాట అయితే చాలు. ముప్పై ఏళ్ళ తరవాత ఆ మూత విప్పే మనవడికి అది అర్థమవుతుంది.